లాన్ అక్కను అడిగిన రెండు పేర్లు

లాయ్ మేనేజర్ లాన్ అక్కను రెండు పేర్లు అడిగాడు. కాగితం మీద వద్దు, నోటితో చెబితే చాలన్నాడు. ఏడాది చివరి విందు ముగిసేలోగా చెప్పాలన్నాడు. ఆ పేర్ల వాళ్లు కొత్త సంవత్సరం సెలవులయ్యాక పనిలోకి రానక్కర్లేదు. ఇది రహస్యం, ఎవరికీ తెలియకూడదు అని కూడా అన్నాడట. మా ఫ్యాక్టరీలో రహస్యం అంటే భోజనం గంట కొట్టేలోగా అందరికీ తెలిసే విషయం. పేర్లు అడిగారని లైన్‌లో ఉన్న ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. ఎవరి పేర్లు చెప్పబోతోందో మాత్రం తెలియలేదు.

నేనూ ఆ లైన్‌లోదాన్నే. పెయ్‌లిన్ అంటారు. నోరు తప్ప వేరే ఆస్తి లేదని మా అమ్మ అనేది. యున్‌హే కంపెనీలో లాన్ అక్క చేతి కింద పదేళ్లకు పైగా పనిచేశాను. అందులో సగం కాలం ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను, మిగతా సగం ఆమె పక్కన కూర్చుని తింటూ ఉన్నాను. ఆమె గురించి ఎవరైనా తప్పుగా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే నేనే చెబుతున్నాను.

ఆమె పూర్తి పేరు ఫాన్‌జియాంగ్ సూలాన్. టావోయువాన్‌కు పడమర సముద్రం ఒడ్డున షిన్‌వూలో పుట్టింది. అక్కడ సగం ఊరికి ఆ ఇంటిపేరే. హక్కా అనే తెగ జనం. హక్కావాళ్ల మెడ గట్టిది, ఒక పట్టాన వంగదని మా తైవాన్‌లో అందరూ అంటారు. మెచ్చుకోవాలన్నా ఆ మాటే, తిట్టాలన్నా ఆ మాటే. లాన్ అక్క బడి మానేసి గొడుగుల ఫ్యాక్టరీలో చేరింది. ఆ ఫ్యాక్టరీ జలసంధి దాటి చైనాకు వెళ్లిపోయింది. క్యాలిక్యులేటర్ల ఫ్యాక్టరీలో చేరింది. అదీ అటే వెళ్లిపోయింది. 'నేను కాలు పెట్టడమే ఆలస్యం, ఫ్యాక్టరీకి ఈతొచ్చేస్తుంది' అని తన మీద తనే జోకు వేసుకునేది.

యున్‌హేలో ఆమె చేరిన నాటికి కంపెనీ అంటే మోటార్‌సైకిల్ రిపేరు షాపు పైన అద్దెకు తీసుకున్న ఒక అంతస్తు. చైర్మన్ జువాంగ్ కూడా పెట్టెలు మోసేవాడట. అక్కడ వాళ్లు అరచేతిలో పట్టే కంప్యూటర్ చేస్తామని బయలుదేరారు. ఫోన్ అంటే మాట్లాడడానికి, కంప్యూటర్ అంటే బల్ల మీద పెట్టుకోవడానికి అనుకునే రోజులు. ఉద్యోగం అడగడానికి వెళ్లినప్పుడు మొహం నిండా మొటిమలున్న ఒక కుర్ర ఇంజనీరు బూడిదరంగు పెట్టె ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడే తర్వాత లాయ్ మేనేజర్ అయ్యాడు.

"ఇంత చిన్నదాంట్లో ఏం పడతయ్ తమ్ముడూ?" అందట ఆమె.

"మీ జీవితం మొత్తం పట్టేస్తుందక్కా. ఫోన్ నంబర్లు, చేసుకోవాల్సిన పనులు, పుట్టినరోజులు..."

"నా జీవితానికి ఇంత పెట్టె దండగ. అగ్గిపెట్టె చాలు."

ఆ కుర్రాడు పడీపడీ నవ్వి, అప్పటికప్పుడు పనిలోకి తీసుకోమని పైవాళ్లకు చెప్పాడు. చాలాకాలం ఆమె అతన్ని తమ్ముడూ అనే పిలిచింది. అతను పెద్ద కుర్చీ ఎక్కాక మేనేజర్‌గారూ అనడం మొదలుపెట్టింది. అతను వద్దనలేదు.

మా లైన్ పని తెర మీద పల్చటి పొర అంటించడం. పుల్లలాంటి పెన్నుతో రాసినా వేలితో తాకినా యంత్రానికి తెలిసేది ఆ పొర వల్లే. అంటించేటప్పుడు కంటికి కనపడని దుమ్ము రేణువు ఇరుక్కున్నా అక్కడ బుడగ లేస్తుంది, తెర పారెయ్యాలి. గాలి పీల్చినా వదిలినా ప్రమాదమే. అందుకని పొర వాలే క్షణంలో లైన్ మొత్తం ఊపిరి బిగబట్టేది. ఆ పద్ధతి పెట్టింది లాన్ అక్కే. ఆమె వేలు ఎత్తితే ఊపిరి ఆపాలి, దించితే వదలాలి. కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి వెళ్లి వంట చేస్తూ కూడా ఊపిరి బిగబడుతున్నామని మొత్తుకునేవాళ్లు. పక్కన పొర కోసే యంత్రం మీద పచ్చరంగు కొబ్బరి మురుకుల ప్యాకెట్ ఒకటి ఉంచేది. ఆ మురుకుల పేరుకు 'బుద్ధిగా ఉండు' అని అర్థం, అది చూసి యంత్రం బుద్ధిగా ఉంటుందని మా నమ్మకం. దాని గడువు తేదీ దాటకుండా మార్చే బాధ్యత నాది. ఒకసారి మర్చిపోయాను. యంత్రం మొరాయించింది. ఆ రోజు లాన్ అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మొదట్లో మేము చేసిన పెట్టెల వెనక మా పేరు ఉండేది కాదు. విదేశీ కంపెనీలు చేయించుకుని తమ పేర్లు వేసుకునేవి. లాన్ అక్క ఒకసారి పనికిరాని డొల్ల ఒకటి అడిగి తీసుకుని షిన్‌వూ వెళ్లి వాళ్ల నాన్నకు చూపించిందట. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ పేరెవరిదే?"

"చేయించుకున్నోళ్లది నాన్నా."

"చేసింది నువ్వు, పేరు వాళ్లదీనా? బిడ్డని కని పక్కింటోళ్ల ఇంటిపేరు పెట్టినట్టుంది నీ యవ్వారం."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. కంపెనీ సొంత పేరుతో ఫోన్లు చెయ్యాలని చైర్మన్ నిర్ణయించేనాటికి ఆయన పోయాడు. యున్‌హే అని అక్షరాలు చెక్కిన వెనక మూతలు మొదటిసారి లైన్ మీదికి వచ్చిన రోజు నేను ఉన్నాను. ఒక్కో మూతను అందరం వేలితో తడిమి చూశాం. తడిమితే మరకలు పడతాయని తిట్టాల్సిన లాన్ అక్క తనే అందరికంటే ఎక్కువసేపు తడిమింది. ఆ వారం ఒక మూత పట్టుకెళ్లి ఇంట్లో పెద్దల పేర్లు రాసిన పలక ముందు పెట్టి, "ఇదిగో, ఇప్పుడు చదువుకో" అందట.

తర్వాత మంచి రోజులు వచ్చాయి. రైలెక్కితే ఎదుటివాడి చేతిలో మా ఫోన్, పక్కవాడి చేతిలో మా ఫోన్. ఏడాది చివరి విందు స్టేడియంలో చేసేవాళ్లు, పాటగాళ్లు వచ్చేవాళ్లు, లాటరీలో కారు ఇచ్చేవాళ్లు. నాకు ఒకసారి అన్నం వండే కుక్కర్ తగిలింది. ఆ విందుల్లో కోడికి తల ఉండేది కాదు. ఎందుకంటే ఏడాది చివరి విందులో కోడి తల ఎవరి వైపు చూస్తుంటే వాళ్ల పని పోయినట్టు. నోటితో చెప్పడానికి మొహమాటపడే యజమానులు పూర్వం కోడి చేత చెప్పించేవాళ్లు. ఎవరినీ తియ్యని ఏడు యజమాని తలను తన వైపు తిప్పుకునేవాడు, అప్పుడు పనివాళ్లు కడుపునిండా తినేవాళ్లు. ఇప్పుడు కంపెనీలు ఆ గొడవే లేకుండా తల తీసేసి వడ్డిస్తున్నాయి.

మంచి రోజులు ఎక్కువకాలం నిలవలేదు. మాకంటే పెద్ద కంపెనీలు మాకంటే నున్నటి ఫోన్లు తెచ్చాయి. మావి దుకాణాల్లో ఉండిపోయి తిరిగి వచ్చేవి. పక్క భవనంలో ఒక్కో లైనూ ఆగిపోయింది, తర్వాత దీపాలు కూడా తీసేశారు. అరచేతి కంప్యూటర్ ప్రపంచానికి చూపించింది తామేనని చైర్మన్ పేపర్ల వాళ్లకు చెబుతూనే ఉన్నాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. అలాంటి చలికాలంలో లాయ్ మేనేజర్ లైన్ లీడర్లను ఒక్కొక్కరినే పిలిచి, లైన్‌కు రెండు పేర్లు అడిగాడు.

ఆ వారం రోజులూ మా లైన్‌లో బతుకు నరకం. లాన్ అక్క మామూలుగా మా చేతుల్ని తప్ప మొహాల్ని చూడదు. ఆ వారం మొహాలు చూసింది. భోజనం దగ్గర ఒకామెను, 'మీ ఆయనకి పనుందా ఇప్పుడు?' అని అడిగింది. ఇంకొకామెను, 'పిల్లోడికి ఏ తరగతే?' అంది. అడిగించుకున్నవాళ్లకు అన్నం దిగలేదు. అడిగించుకోనివాళ్లకు అసలే దిగలేదు. లైన్‌లో అందరికంటే పెద్దది చియు పిన్ని తన మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తడమే మానేసింది. మర్నాటి నుంచి లాన్ అక్క బల్ల మీద నారింజపళ్లు, ఉప్పులో ఊరేసిన ఆవాకు సీసాలు కనపడసాగాయి. వియత్నాం నుంచి కోడలిగా వచ్చిన థావ్ కూడా ఏదో పండగనుకుని రొయ్యల చుట్టలు చేసి తెచ్చింది. థావ్ చేరి ఏడాది కూడా కాలేదు. చేతులు వేగం, నవ్వు ఇంకా వేగం.

"ఎత్తండే ఇవన్నీ!" అని అరిచింది లాన్ అక్క. "నేనేమన్నా అమ్మోరినా, మొక్కులు చెల్లించడానికి?"

అందరూ తలొంచుకుని ఎవరి సీసా వాళ్లు తీసుకున్నారు. నేను ఏమీ తేలేదు. లంచం ఇచ్చి తినే ముద్ద నాకు సయించదు. తిన్నగా వెళ్లి అడిగేశాను.

"అక్కా, దాగుడుమూతలెందుకు? ఎవరి పేర్లు చెప్తున్నావ్?"

"నోర్ముయ్. పొర మీద నీ ఉమ్ము పడుద్ది."

"పడితే తుడుస్తాలే. చెప్పు."

"పెయ్‌లిన్, పోయి నీ కుర్చీలో కూర్చో," అంది. తిట్టినట్టు కాకుండా బతిమాలినట్టు అంది. నాకు భయం వేసింది. అప్పటిదాకా వెయ్యలేదు.

విందు రోజు వచ్చింది. స్టేడియం రోజులు పోయాయి కదా, ఫ్యాక్టరీ వాహనాలు ఆపే స్థలంలో చారల గుడారం వేసి మధ్యాహ్నం భోజనాలు పెట్టారు. ఈశాన్యపు గాలికి గుడారం పటపట కొట్టుకుంటోంది. గుండ్రటి బల్లల మీద ఎర్ర ప్లాస్టిక్ పరిచి, ఎగరకుండా సోడాసీసాలు బరువు పెట్టారు. వంటకు లాంగ్‌తాన్ నుంచి ఒక ముసలి వంటాయన్ని చవగ్గా మాట్లాడారు. కోడికి తల వద్దని ఆఫీసువాళ్లు ముందే చెప్పారట. ఆయన వినలేదు. 'తల లేని కోడి పెట్టడానికి ఇదేమన్నా దినాల భోజనమా? నా చేత్తో అలాంటిది వడ్డించను' అన్నాడట. ఈ సంగతి ఆఫీసువాళ్లకు కోడి బల్ల మీదికి వచ్చాక గాని తెలియలేదు.

మా బల్లకు లాన్ అక్క లైన్ మొత్తం కూర్చున్నాం. ఆమెకు ఎడమ పక్కన నేను, ఆ పక్కన చియు పిన్ని, బల్లకు అవతల థావ్. లాన్ అక్క ఏమీ తినడం లేదు. మాటిమాటికీ చైర్మన్ బల్ల పక్కన నిలబడ్డ లాయ్ మేనేజర్ వైపు చూస్తోంది. అతనూ ఇటే చూస్తున్నాడు. వేదిక మీద అకౌంట్స్ గుమాస్తా ఒకాయన ప్రేమపాట అపశ్రుతిలో పాడుతున్నాడు. మామూలప్పుడైతే నేను నాలుగు మాటలు అనేదాన్ని. ఆ రోజు నా కళ్లూ లాయ్ మీదే ఉన్నాయి.

అప్పుడు వచ్చింది కోడి. ఆవిరి మీద ఉడికించిన నిండు కోడి, మెడ నిటారుగా, ముక్కు ముందుకు. వడ్డించే ఆమెకు లోకజ్ఞానం ఉంది. రెండు కుర్చీల మధ్య సందు చూసి, తల ఆ సందులోంచి బయట రోడ్డు వైపు చూసేలా బల్ల మధ్య తిరిగే అద్దపు పలక మీద పెట్టింది. చియు పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇక ఎవరూ పలక ముట్టుకోకూడదు. ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసు. ఎవరికి ఏం కావాలన్నా లేచి చెయ్యి చాపి తీసుకోవాలి.

లాన్ అక్క కుర్చీ వెనక్కి జరిపింది. లాయ్ మేనేజర్ దగ్గరికి వెళ్లబోతోందని అందరికీ అర్థమైంది. బల్ల చుట్టూ కదలిక ఆగిపోయింది. ఆమె వేలు ఎత్తకపోయినా అందరం ఊపిరి బిగబట్టాం.

ఒక్క థావ్‌కు ఇదేమీ తెలియదు. ఆ పిల్లకు వేయించిన వేరుశనగపప్పు కావాలి. గిన్నె అవతల ఉంది. చక్కగా పలక పట్టుకుని తిప్పింది.

"ఏయ్!" అని చియు పిన్ని అరిచేలోగా పలక జోరుగా తిరిగింది. తల ఒకరి ముందునుంచి ఇంకొకరి ముందుకు వెళుతుంటే ఒక్కొక్కరూ కుర్చీలో వెనక్కి వాలిపోయారు. చివరికి నిదానించి, నా ముందు ఆగింది. కోడి మూసిన కళ్లతో తిన్నగా నా వైపు చూస్తోంది.

భయమేస్తే నాకు నోరు లేస్తుంది. "చూశారా, ఇంతమందిలో అందగత్తెని కోడి కూడా కనిపెట్టేసింది," అని నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. లాన్ అక్క మొహం చూసి నేనూ ఆపేశాను. అంత తెల్లబోయిన మొహం ఆమెకు నేనెప్పుడూ చూడలేదు. లేవబోయినది లేవబోయినట్టే ఉండిపోయింది. నన్ను చూసింది, కోడిని చూసింది, మళ్లీ నన్ను చూసింది. తర్వాత పలక అంచు మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. తల నా ముందునుంచి కదిలి ఆమెకు ఎదురుగా వచ్చింది. అక్కడ ఆపి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

"తినండి," అంది.

"లాన్, అది యజమాని చెయ్యాల్సిన పనే తల్లీ," అని గొణిగింది చియు పిన్ని.

"యజమాని అక్కడెక్కడో కూర్చున్నాడు. ఈ బల్లకి నేనే ఉన్నా. తినండి."

తల తన వైపు తిప్పుకుంటే ఎవరినీ పంపనని మాట ఇచ్చినట్టు. ఆ మాట ఇచ్చే హక్కు ఆమెకు లేదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఒకామె ఏడుస్తూనే కోడి తొడ తుంచుకుంది. థావ్ మాత్రం, 'నేనేం చేశాను, నేనేం చేశాను?' అని అందరినీ అడుగుతోంది.

లాయ్ మేనేజర్ గ్లాసు పట్టుకుని వచ్చాడు. అందరికీ శుభాకాంక్షలు చెబుతున్నట్టు గ్లాసు ఎత్తి, లాన్ అక్కకూ నాకూ మధ్య వంగాడు. ప్రతి మాటా నాకు వినపడింది.

"ఏంటిది లాన్? ఆ మాట ఇచ్చే అధికారం నీకు లేదు."

"పేర్లు అడిగారుగా మేనేజర్‌గారూ. తల ఎటుందో చూసుకోండి."

"నీ పేరా?"

"నా పేరే."

అతను కాదనలేదు, ఆలోచించుకోమనీ అనలేదు. నుదుటి మీది ముడత విడిపోయింది. "సరే అయితే. రెండో పేరు అక్కర్లేదు, నీ ఒక్కదానితో సరిపోతుంది. సోమవారం రాజీనామా ఇచ్చెయ్, నేను సర్దుతాను," అన్నాడు. బజారుకు వెళ్లిన పని ఇంత తొందరగా అయిపోయిందా అనుకునేవాడి గొంతు అది.

లాన్ అక్క గ్లాసు ఎత్తబోయి ఆగింది. "రాజీనామా అంటే నాకు మీరేం ఇవ్వక్కర్లేదు కదా? చట్టప్రకారం ఇచ్చేది కూడా?"

"అవన్నీ ఇప్పుడెందుకు..."

"మిగతా లైన్లలో ఎవరి పేర్లు చెప్పారు?"

అతను గ్లాసులోకి చూసుకున్నాడు. లాన్ అక్క తల తిప్పి గుడారం అంతా చూసింది. నేనూ చూశాను. పక్క బల్లకు మూడో లైన్ లీడర్, ఆ అవతల మొదటి లైన్ లీడర్. వాళ్ల ముందు గిన్నెలు ఖాళీగా ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్ల లైన్లలోని పిల్లలు మాత్రం హాయిగా తింటున్నారు. అప్పుడు అర్థమైంది. వాళ్లందరూ తమ పేర్లే చెప్పుకున్నారు. మాలో ఎక్కువ జీతాలు లీడర్లవే. చేతి కింది పిల్లల పేర్లు చెప్పడానికి వాళ్లకు నోరు రాదని, తమంతట తామే పోతారని లాయ్‌కు బాగా తెలుసు. అతనూ మా మధ్య పెరిగినవాడే. మా మెడలు ఎటు వంగవో, ఎక్కడ వంగుతాయో చూసి మరీ ఉచ్చు బిగించాడు. చేతిలో ఉన్న గ్లాసు వాడి మొహాన కొడదామనుకున్నాను. లాన్ అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

ఆమె లేచింది. రెండో చేత్తో పలక పట్టుకుని తిప్పింది. తల వచ్చి, మా ఇద్దరి మధ్య నిలబడ్డ లాయ్ మేనేజర్ ముందు ఆగింది.

"తమ్ముడూ," అంది. ఆ పిలుపు విని చాలా ఏళ్లయింది. "నేను రాజీనామా ఇవ్వను. పేర్లూ చెప్పను. ఎవరిని తీసేస్తావో నువ్వే చెప్పు, నీ నోటితో చెప్పు. అందరం ఇక్కడే ఉన్నాం. కావాలంటే నాతోనే మొదలెట్టు."

"లాన్, అందరూ చూస్తున్నారు. కూర్చో."

"చూడనీ. ఇల్లు మీది, విందు మీది, కోడీ మీదే. మాట మాత్రం మా చేత చెప్పిస్తారా?"

పక్క బల్ల వాళ్లు తినడం మానేశారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు మానేశారు. వేదిక మీద పాట కూడా ఆగింది. లాయ్ ఇరుక్కుపోయాడు. వెళ్లిపోదామంటే కోడి తల వెనక నుంచి చూస్తూ ఉంటుంది. పేర్లు చెబుదామంటే అన్ని మొహాలూ ఎదురుగా ఉన్నాయి. అతను చైర్మన్ బల్ల వైపు చూశాడు. అక్కడ ఒక్కరూ తలెత్తలేదు, అందరికీ ఒక్కసారిగా సూపులో ఏదో పడినట్టుంది. పెద్దాయన చేపముల్లు తీసుకుంటున్నాడు. లాయ్ చాలాసేపు అటే చూశాడు. ఎవరైనా రమ్మని సైగ చేస్తారేమోనని చూశాడనుకుంటాను.

తర్వాత ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి లాక్కుని మా మధ్య కూర్చున్నాడు. లాన్ అక్క చాప్‌స్టిక్స్‌తోనే కోడి తల విరిచి, ఖాళీ గిన్నె ఒకటి అందుకుని అందులో వేసుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చియు పిన్ని అతని గ్లాసులో వేడి టీ పోసింది. అతను తల తినలేదు, గిన్నెలో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లాన్ అక్క కోడి రొమ్ముముక్క ఒకటి అతని గిన్నెలో వేసింది. "తిను. ఎండిపోయావ్," అంది.

సోమవారం లాయ్ పై అంతస్తుకు వెళ్లి, తన విభాగం నుంచి ఒక్క పేరూ ఇవ్వనని చెప్పాడు. మిగతా లీడర్లు చెప్పుకున్న పేర్లు వెనక్కి తీసుకున్నారు. దానివల్ల కంపెనీ బాగుపడలేదు. ఎండాకాలం వచ్చేలోగా లాయ్‌నే తీసేశారు. మరుసటి ఏడు భవనం అమ్మేశారు, మమ్మల్ని అందరినీ పంపించేశారు. బహిరంగంగా, కారణం చెప్పి, ఇవ్వాల్సింది ఇచ్చి పంపించారు. ఆ రోజు లాన్ రెండు పేర్లు చెప్పి ఉంటే కంపెనీ నిలబడేదేమోనని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్ల కూలితో నిలబడే కంపెనీ అయితే అది ఎప్పుడో పడిపోయినట్టే. ఈ మాట వాళ్ల మొహం మీదే అన్నాను.

లాన్ అక్క ఇప్పుడు షిన్‌వూలో వాళ్ల పెదనాన్న కొడుకు నడిపే బాతుమాంసం హోటల్లో పనిచేస్తోంది. ఆ చేతులకు ఏ పని ఇచ్చినా ఒకటే శుభ్రం. పెద్దబాతును ముక్కలు కొడితే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అన్నమాట ఉండదు. నేను సెలవురోజుల్లో బస్సెక్కి వెళతాను. పోయిన నెల వెళ్లినప్పుడు హోటల్లో జనం లేరు. కొయ్యదిమ్మ దగ్గర నిలబడి, ఎన్నాళ్లనుంచో గొంతులో ఉన్నది అడిగేశాను.

"అక్కా, ఆ రెండు పేర్లు ఎవరివి?"

ఆమె తలెత్తకుండా కత్తితో బాతును కొడుతూనే ఉంది. "ఒకటి థావ్‌ది. చివర చేరింది కదా."

"రెండోది?"

"నీది."

నా నోరు, ఆ నోరే, పనిచెయ్యలేదు.

"పెళ్లి లేదు, పిల్లల్లేరు. నోరుంది. ఎక్కడ పడేసినా బతుకుతావనుకున్నా," అంది. "పొద్దున బస్సు దిగేసరికే తేల్చేసుకున్నా. లేచి వెళ్లి చెప్పేద్దామని కుర్చీ జరిపానా, తల వచ్చి నీ ముందు ఆగింది. ఎవరికీ చెప్పని మాట దానికెలా తెలిసిందా అని నా గుండె ఆగిపోయింది. పైగా నువ్వు నవ్వావ్."

నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. ఏది ముందు బయటపడుతుందో తెలియక దిమ్మ అంచు పట్టుకుని నిలబడ్డాను. చివరికి అడిగాను.

"ఆ పిల్ల పప్పు కోసం పలక తిప్పకపోయుంటే?"

కత్తి ఆగింది. లాన్ అక్క మొదటిసారి తలెత్తి నా కళ్లలోకి చూసింది.

"చెప్పేసేదాన్నే," అంది. "చెప్పేసి, వచ్చి నీ పక్కన కూర్చుని తినేదాన్ని."